రిజిస్టరులో ఎర్రగీత

పంతొమ్మిదో పేపరు దగ్గర లిదియా హ్రిష్కు చేతిలో ఎర్రపెన్ను ఆగింది.

సోమవారం, మూడో పీరియడు. స్టాఫ్ రూములో కిటికీ పక్క బల్ల మీద తొమ్మిదో తరగతి లెక్కల పరీక్ష పేపర్లు ఇరవై ఎనిమిది ఉన్నాయి. పక్కన ఒబ్రేజా సారు చేత్తో రాసిన కీ ఉంది. లెక్కలు మూడు. ప్రతి లెక్కలో ఒక భిన్నాన్ని భాగహారం చేసి దశాంశంలోకి మార్చాలి. జవాబుకు ఒక మార్కు, తీసివేతలన్నీ చూపినందుకు రెండు. మొత్తం తొమ్మిది. పదోది ఊరికే వచ్చేది. కాగితం మీద పేరు రాసిన ప్రతివాళ్ళకీ ఆ ఒక్కటి వేసి, అక్కడి నుంచి లెక్కపెట్టడం మొదలెడతారు. ఐదు వస్తే పాసు.

పంతొమ్మిదో పేపరు యస్మీనా చిరికాది. మూడు జవాబులూ సరిగ్గా ఉన్నాయి. యాభైని నలభై ఒకటితో భాగిస్తే ఒకటి, దశాంశం తర్వాత 21951, మళ్ళీ అవే ఐదంకెలు. అది రాసింది. కింద మాత్రం తొమ్మిది, ఎనిమిది, ముప్ఫై తొమ్మిది, ఇరవై ఒకటి, ఐదు అని ఒకదాని కింద ఒకటి అంకెలున్నాయి. గుణకారం లేదు, మైనస్ గుర్తు లేదు, అడ్డగీత లేదు.

లిదియా పేపరు పట్టుకుని లేచింది.

ఒబ్రేజా సారు బల్ల చివర కూర్చుని సుద్దముక్కలకు కాగితం చుడుతున్నాడు. పాత పేపర్లను రెండు వేళ్ళ వెడల్పున చింపి, చుట్టి, కొసను నాలికతో తడిపి అంటిస్తాడు. రోజుకు ఆరు. చేతికి గానీ కోటుకు గానీ పొడి అంటకూడదు. మార్చి మొదటి వారం కనుక ఆ కోటు మీద, వసంతం వచ్చిందని ఇష్టమైనవాళ్ళకు గుచ్చే ఆనవాయితీ ప్రకారం పిల్లలు గుచ్చిన ఎర్ర–తెలుపు దారాల ముడులు ఏడు వేలాడుతున్నాయి.

"సార్, ఈ అమ్మాయి జవాబులన్నీ కరెక్టే. మెట్లు లేవు."

ఆయన తల తిప్పి చూశాడు. "తీసివేతలేవీ?"

"లేవు సార్. శేషాలు మాత్రం ఉన్నాయి."

"మూడువందల తొంభైలోంచి మూడువందల అరవై తొమ్మిది ఎక్కడ తీసేసింది, గాల్లోనా? పక్కోళ్ళ కాగితంలో చూసి అంకెలు దించుకుంది. కీ ఏమంటోంది?"

"మెట్లు లేకపోతే రెండు మార్కులూ పోతాయి అంటోంది."

"మరి నన్నెందుకు అడుగుతున్నావమ్మాయ్? కీని అడిగావు, చెప్పింది."

లిదియా వెనక్కి వచ్చి కూర్చుంది. మూడు లెక్కలకు మూడు, ఊరికే వచ్చేది ఒకటి. నాలుగు వేసి చుట్టూ సున్నా చుట్టింది.

ఆమె రొమేనియాలోని యాష్ విశ్వవిద్యాలయంలో గణితం మూడో ఏడు, అంటే ఆఖరి ఏడు చదువుతోంది. హైస్కూల్లో పాఠం చెప్పాలంటే డిగ్రీ ఒక్కటే చాలదు. నవంబరు నుంచి ఈ బడికి టీచింగ్ ప్రాక్టీసుకు వస్తోంది. గురువారం యూనివర్సిటీ మేడం ముందు పరీక్ష పాఠం చెప్పాలి. దానికి మార్కు వేసేది ఒబ్రేజా సారు. ఆ మార్కు రాకపోతే జూన్‌లో డిగ్రీ చేతికొచ్చినా బడి గుమ్మం ఎక్కనివ్వరు.

నాలుగో పీరియడులో ఆయన తరగతి రిజిస్టరు తెరిచాడు. లిదియా పేర్లూ మార్కులూ చదివింది, ఆయన నీలం సిరాతో ఎక్కించాడు.

"బల్తాగ్ కొద్రిన్."

"ఎంత?"

"పది."

"చిరికా యస్మీనా."

"ఎంత?"

"నాలుగు."

ఆయన నాలుగు వేసి, అద్దుడు కాగితంతో అద్దాడు. "చూడు," అన్నాడు. పేజీని ఆమె వైపు తిప్పి తన కాలమ్ మీద వేలు పెట్టి కిందికి జరిపాడు. "రిజిస్టరులో తప్పు రాస్తే మనం దిద్దకూడదు. ప్రిన్సిపాల్ ఒక్కరే దిద్దాలి. ఎర్ర సిరాతో అడ్డగీత, పక్కన కొత్త మార్కు, సంతకం, ముద్ర. జియాగ్రఫీ ఆయన పేజీ చూశావా, కోడిపుంజు తొక్కినట్టుంటుంది. ముప్ఫై ఒక్క ఏళ్ళయింది నేను వచ్చి. నా కాలమ్‌లో ఒక్క ఎర్రగీత లేదు."

*

మంగళవారం లిదియా పేపర్లు పంచింది. కొద్రిన్ తన పదిని చుట్టుపక్కల నాలుగు బెంచీలకు చూపించాడు. యస్మీనా పేపరు తీసుకుని, నాలుగును చూసి, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పెన్సిలు పెట్టెలో పెట్టుకుంది. ఆ పెట్టెలో ఎవరికీ ఇవ్వని ఎర్ర–తెలుపు దారం ఒకటుంది.

ఆ పిల్ల కూర్చునేది ఆఖరి బెంచీలో, హీటరు పక్కన, ఒక్కతే. లిదియా వెనక్కి వెళ్ళి నిలబడింది. పక్క చోటు ఖాళీ. ముందు బెంచీలో ఉన్న అమ్మాయి పేపరు నిన్న తనే దిద్దింది. మూడు లెక్కల్లో రెండు తప్పు. ఆ పక్కవాడు పరీక్ష రోజు రానేలేదు. యస్మీనా చూసి రాయడానికి అక్కడ గోడ తప్ప ఏమీ లేదు.

ఇంటర్వెల్లో గేటు దగ్గర బడ్డీ ముందు పిల్లలు వరస కట్టారు. బడ్డీ కిటికీలోంచి నువ్వులద్దిన వేడి కొవ్రిగ్ రొట్టె చుట్టలు కాగితం సంచుల్లో వస్తున్నాయి. లిదియా రెండు కొని ఒకటి యస్మీనాకు ఇచ్చింది.

"నాకెందుకు మేడం?"

"తిను. నువ్వు మూడువందల తొంభైని నలభై ఒకటితో భాగించి ఇరవై ఒకటి శేషం రాశావు. ఎలా?"

యస్మీనా నమలడం ఆపింది. "నేను కాపీ కొట్టలేదు."

"కొట్టావని నేనన్నానా?"

"నాలుగేశారుగా."

లిదియాకు చెవులు వేడెక్కాయి. సంచిలోంచి పెన్సిలు తీసి, కాగితం సంచీ చించి గోడకు ఆనించి పట్టుకుంది. "చేసి చూపించు. పైకి అంటూ చెయ్యి."

"పైకంటే స్పానిష్‌లో వస్తుంది మేడం. పోయిన సెప్టెంబరు దాకా స్పెయిన్‌లోనే, ముర్సియాలో చదివాను."

"ఏ భాషలో వస్తే ఆ భాషలో."

యస్మీనా గొణుగుతూ రాసింది. లిదియాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. పెన్సిలు మాత్రం చూసింది. అది ఒక్కసారే కాగితాన్ని తాకింది, శేషం రాయడానికి.

"ఇప్పుడు మన భాషలో."

"తొమ్మిదొకట్ల తొమ్మిది. తొమ్మిదికి ఎంత కలిపితే పది? ఒకటి. రాశా. చేతిలో ఒకటి. తొమ్మిది నాలుగుల ముప్ఫై ఆరు, చేతిలోది కలిపితే ముప్ఫై ఏడు. ముప్ఫై తొమ్మిదికి ఎంత తక్కువ? రెండు. రాశా. ఇరవై ఒకటి. అంతే."

"గుణిస్తూనే తీసేస్తున్నావా!"

"అక్కడందరూ ఇంతే మేడం. నాలుగో క్లాసులో తీసివేత మొత్తం రాస్తే మా టీచరు కొట్టేసేది. కాగితం దండగ, చిన్నపిల్లల పని అనేది."

లిదియా పెన్సిలు లాక్కుంది. మొదటిసారి చేతిలో ఒకటి మరిచిపోయింది. యస్మీనా నవ్వు ఆపుకోడానికి కొవ్రిగ్ కొరికింది. రెండోసారి ఇరవై ఒకటి వచ్చింది. లిదియా గట్టిగా నవ్వింది, కోటు మీది నువ్వులు రాలాయి. వరసలో ఉన్నవాళ్ళు తిరిగి చూశారు.

"ఇంకోటి ఇవ్వు."

"గంట కొట్టేస్తారు మేడం."

"కొట్టనీ. సారుకి ఎందుకు చెప్పలేదు?"

యస్మీనా భుజాలెగరేసింది. "వచ్చిన కొత్తలో ఒకసారి చెయ్యెత్తి మాట్లాడాను. నా యాసకి క్లాసంతా ఒక వారం నవ్వారు. అందుకే ఊరుకున్నా. అయినా ఇక్కడ నయం మేడం, ఊరికే ఒక మార్కిస్తారు. అక్కడ సున్నా అంటే సున్నాయే."

*

సాయంత్రం హాస్టల్ గదిలో రూమ్మేట్ మిరబేలా బీన్స్ గిన్నెను కరెంటు పొయ్యి మీద పెట్టి, చెంచాతో కలుపుతూ అంతా విన్నది. ఆమెదీ అదే కోర్సు, అదే బడి. పరీక్ష పాఠం కిందటి వారమే చెప్పేసింది. ఒబ్రేజా సారు ఎనిమిది వేశాడు. హోంవర్కు గంట కొట్టాక ఇచ్చిందని రెండు తగ్గించాడు.

"మూడేళ్ళు ఎప్సిలాన్లూ, అనంత పరిమాణాల స్పేసులూ చదివి, ఆఖరికి భాగహారం దగ్గర ఇరుక్కున్నావే," అంది.

"నవ్వకు. ఆ నాలుగు వేసింది నేనే."

"కీ వేసింది."

"కీకి చేతులున్నాయా? పెన్ను నా చేతిలో ఉంది. పైకి చదివింది కూడా నేనే."

మిరబేలా గిన్నె దించి, రొట్టె చేత్తోనే రెండుగా తుంచింది. "సరే, రేపెళ్ళి ఆయనతో ఏమంటావు? సార్, మీ కాలమ్‌లో ముప్ఫై ఒక్క ఏళ్ళలో మొదటి ఎర్రగీత గీయిద్దాం రండి, ఎల్లుండి నా పాఠానికి మార్కు కూడా వేద్దురుగాని అంటావా?"

"అంటే?"

"అంటే వచ్చే ఏడు ఇదే గదిలో, ఇదే గిన్నెలో బీన్స్ వండుకుంటావు. నేను టీచరమ్మనై ఉత్తరాలు రాస్తా. శుక్రవారం చెప్పొచ్చుగా? మార్కు పడ్డాక?"

లిదియా రొట్టెను బీన్స్‌లో ముంచింది. ముంచిన చెయ్యి అలాగే ఉంది.

"శుక్రవారం చెప్తే అది మార్కు కోసం ఆగినట్టేగా."

"అవును. తెలివున్నవాళ్ళు ఆగుతారు."

"రేపు గురువారం కాదుగా?"

"రేపు బుధవారం."

"అయితే రేపే చెప్తా."

మిరబేలా చెంచా గిన్నెలో పడేసింది. "ఆ భాగహారమేదో నాకూ చూపించు. నీతోపాటు నేనూ మునిగితే తోడుంటుంది."

బీన్స్ చల్లారేదాకా ఇద్దరూ పాత నోట్సుల వెనక పేజీల్లో భాగిస్తూనే ఉన్నారు. మిరబేలాకు లిదియా కంటే ముందే పట్టుబడింది. ఆ సంగతి ఆమె నాలుగుసార్లు గుర్తుచేసింది.

*

బుధవారం రెండో పీరియడు ఒబ్రేజా సారుకు ఖాళీ. సుద్దలకు కాగితం చుడుతున్నాడు. లిదియా నిలబడే చెప్పింది. కాగితం సంచీ ముక్కను ఆయన ముందు పెట్టి, యస్మీనా చెప్పినట్టే లెక్క చెప్పింది. ఆయన సంచీ ముక్కను చూడలేదు.

"కీ ఎవరు రాశారు?"

"మీరు సార్."

"దాని ప్రకారం దిద్దింది?"

"నేను."

"దిద్దినదాన్ని పైకి చదివింది?"

"నేనే."

"చదివినదాన్ని ఎక్కించింది?"

"మీరు."

"కీలో తప్పు లేదు. దిద్దడంలో లేదు. చదవడంలో లేదు. ఎక్కించడంలో లేదు. మరి ఎర్రగీత దేనికి?"

"లెక్కలో కూడా తప్పు లేదు సార్," అంది లిదియా.

ఒబ్రేజా సారు సుద్ద మీద కాగితం కొసను తడపబోతూ ఆగాడు. పక్క బల్ల దగ్గర జియాగ్రఫీ సారు టీ కప్పులో చక్కెర కలపడం మానేశాడు.

"ఆ పిల్ల చెప్పింది, నువ్వు నమ్మావు."

"నేను చేసి చూశాను సార్. మిరబేలా కూడా చేసింది."

"రేపు నీ పాఠం. ప్లాను మీద సంతకం చేసిచ్చాను. నిమిషాలు సరిపోయాయి. అది చూసుకో." కాగితం అంటించి, సుద్దను మిగతా ఐదింటి పక్కన పెట్టి, డబ్బా మూత వేశాడు.

లిదియా లైబ్రరీకి వెళ్ళి లెసన్ ప్లాను తెరిచింది. పాఠం పేరు 'సంఖ్యల ఉజ్జాయింపు విలువలు'. మూడు పేజీల పట్టీలో ఏ నిమిషంలో టీచరు ఏం చెయ్యాలో, పిల్లలు ఏం చెయ్యాలో గళ్ళు గీసి ఉంది. ఎనిమిదో నిమిషం నుంచి ఇరవయ్యో నిమిషం దాకా ఉన్న గడిలో 'పుస్తకంలోని నాలుగు, ఐదు లెక్కలు' అని ఉంది. దాన్ని స్కేలు పెట్టి కొట్టేసింది. పైన రాసింది: '355ని 113తో భాగించడం. రెండు పద్ధతులు. బోర్డు మీద: బల్తాగ్, చిరికా.'

సంతకమైన ప్లాను మార్చకూడదు. అందుకే మార్చినట్టు కనపడేలా వదిలేసింది. మూడు గంటలకు స్టాఫ్ రూములో ఒబ్రేజా సారు గూట్లో ఆ ప్లాను పెట్టింది. ఐదింటికి మళ్ళీ వెళ్ళి చూస్తే గూడు ఖాళీగా ఉంది. చీటీ ఏదీ లేదు.

*

గురువారం ఆఖరి బెంచీల ముందు నాలుగు కుర్చీలు వేశారు. యూనివర్సిటీ నుంచి వచ్చిన పవాల్ మేడం ఒళ్ళో ఫారం పెట్టుకుని గడియారం చూసుకుంది. ఆమె పక్కన ఒబ్రేజా సారు, ఆ పక్కన మిరబేలా, ఇంకో విద్యార్థి.

మొదటి ఏడు నిమిషాలూ ప్లాను ప్రకారమే నడిచాయి. ఎనిమిదో నిమిషంలో లిదియా బోర్డు మధ్య నిలువుగీత గీసింది.

"చక్రం చుట్టుకొలతను అడ్డుకొలతతో భాగిస్తే వచ్చే సంఖ్యకి దగ్గరి భిన్నం ఒకటుంది. మూడువందల యాభై అయిదు బై నూట పదమూడు. ఎంత దగ్గరో చూద్దాం. ఆరు దశాంశ స్థానాలు. కొద్రిన్, నువ్వు ఎడమ పక్క. యస్మీనా, నువ్వు కుడి పక్క."

"వద్దు మేడం," అంది వెనక నుంచి యస్మీనా.

"నాలుగొచ్చినావిడ మేడం," అన్నాడెవరో.

"పదొచ్చినాయన ఎలాగూ ఉన్నాడుగా. రా యస్మీనా. నీ పద్ధతిలోనే చెయ్యి."

యస్మీనా కుర్చీల మధ్య నుంచి వచ్చింది. ఒబ్రేజా సారు మోకాళ్ళు పక్కకు జరిపి దారిచ్చాడు.

కొద్రిన్ సుద్దను టకటక లాడించాడు. మూడువందల యాభై అయిదు రాసి, కింద మూడువందల ముప్ఫై తొమ్మిది రాసి, మైనస్ పెట్టి, గీత గీసి, పదహారు తెచ్చాడు. సున్నా చేర్చాడు. కింద నూట పదమూడు, మైనస్, గీత. ఐదో అంకె దగ్గర సుద్ద విరిగింది. ఆరో అంకె దగ్గర బోర్డు అయిపోయింది. కొద్రిన్ కిందికి చూశాడు, పైకి చూశాడు, వంగాడు, ఆఖరికి మోకాళ్ళ మీద కూర్చుని చెక్క అంచుకు పైన మిగిలిన జానెడు చోట్లో అంకెలు ఇరికించాడు. తరగతి నవ్వింది.

"ప్రార్థన చేస్తే రాదురా, భాగించు!"

యస్మీనా కుడి పక్క చేతులు కట్టుకుని నిలబడి ఉంది. ఆమె ఎప్పుడు ముగించిందో ఎవరూ చూడలేదు. 16, 47, 18, 67, 105, 33, 104. అరచేయంత వెడల్పున అంకెల దొంతర. పైన జవాబు: 3.141592.

కొద్రిన్ లేచి మోకాళ్ళు దులుపుకుని ఆమె జవాబు చూశాడు, తనది చూసుకున్నాడు. అంకెలన్నీ ఒకటే.

"తీసివేతలేవీ?" అన్నాడు. అచ్చం ఒబ్రేజా సారులాగే అన్నాడు. వెనక కుర్చీల్లో మిరబేలా దగ్గింది.

"లోపల," అంది యస్మీనా, వేలితో నుదురు చూపించి.

"అబ్బో! లోపలంటే మేమెలా నమ్మాలి?"

యస్మీనా లిదియా వైపు చూసింది. లిదియా బోర్డు దగ్గర నుంచి వెనక్కి తగ్గి కిటికీకి ఆనుకుంది.

"తొమ్మిది మూళ్ళ ఇరవై ఏడు," మొదలెట్టింది యస్మీనా, వెయ్యిన్నీ యాభై దగ్గర వేలు పెట్టి. మొదట్లో సుద్దతోనే మాట్లాడుతున్నట్టుంది. "ఇరవై ఏడుకి ఎంత కలిపితే ముప్ఫై? మూడు. రాశా. చేతిలో మూడు. తొమ్మిదొకట్ల తొమ్మిది, మూడు పన్నెండు. పన్నెండుకి ఎంత కలిపితే పదిహేను?"

"మూడు!" అన్నారు ముందు బెంచీలు.

"రాశా. చేతిలో?"

"ఒకటి!"

"తొమ్మిదొకట్ల తొమ్మిది, ఒకటి పది. పదికి పది. అయిపోయింది. శేషం?"

"ముప్ఫై మూడు!" ఈసారి తరగతంతా అరిచింది. పక్క గదిలో రొమేనియన్ పాఠం చెబుతున్న మేడం గోడ మీద రెండుసార్లు తట్టింది. యస్మీనా యాసకు ఎవరూ నవ్వలేదు. అడుగడుగునా జవాబు చెప్పాల్సి రావడంతో తీరిక లేదు.

పవాల్ మేడం గడియారం చూసింది. ముప్ఫై మూడో నిమిషం. ఫారంలో ఏదో రాసింది.

కుర్చీ కదిలిన చప్పుడైంది. ఒబ్రేజా సారు లేచాడు. కుర్చీల మధ్య నుంచి నడిచి బోర్డు ముందుకు వచ్చి, జేబులోంచి కాగితం చుట్టిన సుద్ద తీశాడు. లిదియా కిటికీ అంచును రెండు చేతులా పట్టుకుంది.

"నాకొకటి ఇవ్వు," అన్నాడు యస్మీనాతో.

"ఏంటి సార్?"

"లెక్క. నాకొక లెక్క ఇవ్వు."

యస్మీనా ఆలోచించింది. "వందని డెబ్బై మూడుతో భాగించండి సార్."

ఆయన యస్మీనా అంకెల పక్కన ఖాళీలో రాశాడు. ఒకటి. శేషం ఇరవై ఏడు. సున్నా చేర్చి మూడు. పెదాలు కదిలాయి. మూడు మూళ్ళ తొమ్మిది, పదికి ఒకటి, చేతిలో ఒకటి. మూడేళ్ళ ఇరవై ఒకటి, ఒకటి ఇరవై రెండు, ఇరవై ఏడుకి అయిదు. యాభై ఒకటి. ఆగి, ఇంకో సున్నా చేర్చాడు. ఆరు. ఆరు మూళ్ళ పద్దెనిమిది, ఇరవైకి రెండు. రాశాడు. ఆరేళ్ళ నలభై రెండు, యాభై ఒకటికి తొమ్మిది. రాశాడు. శేషం తొంభై రెండు.

అప్పటికే ముందు బెంచీలో కూర్చున్న కొద్రిన్ లేచాడు.

"సార్, భాజకం డెబ్బై మూడు. శేషం తొంభై రెండు."

"శేషం పెద్దదయింది సార్!" వెనక నుంచి ఇంకొకరు.

"చేతిలో రెండు!" అంది యస్మీనా. "సార్, చేతిలో రెండు మరిచిపోయారు!"

ఒబ్రేజా సారు తొంభై రెండును చూశాడు. బోర్డు తుడిచే గుడ్డ లిదియా దగ్గర, కిటికీలో ఉంది. ఆయన కోటు మోచేతితో తొమ్మిదిని చెరిపి ఏడు వేశాడు. మోచేయి తెల్లబడింది. దారాల ముడి ఒకటి ఊడి కింద పడింది.

"ఆరేళ్ళ నలభై రెండు, రెండు నలభై నాలుగు, యాభై ఒకటికి ఏడు. డెబ్బై రెండు," అన్నాడు. సుద్ద కింద పెట్టి తరగతి వైపు కాదు, యస్మీనా వైపు తిరిగాడు. "ఎంత వేస్తావు?"

"నేనా సార్?"

"నువ్వే. మార్కు వెయ్యి."

యస్మీనా బోర్డును పైనుంచి కిందిదాకా చదివింది. వేలు పెట్టి అంకెలు లెక్కపెట్టింది.

"మూడు శేషాల్లో రెండు సొంతంగా వచ్చాయి. రెండు మార్కులు. మూడోది మేం చెప్తే దిద్దారు, దానికి లేదు. ఊరికే వచ్చేది ఒకటి. మూడు సార్."

"మూడే?"

"కీ ప్రకారం సార్."

తరగతి గొల్లుమంది. కొద్రిన్ బెంచీని రెండు చేతులా బాదాడు. పవాల్ మేడం ఫారం మొహానికి అడ్డం పెట్టుకుంది. ఒబ్రేజా సారు వంగి కింద పడ్డ దారం తీసి కోటుకు గుచ్చుకుంటూ, "నాకంటే నీకే ఒకటి ఎక్కువొచ్చింది," అన్నాడు. గుచ్చుకోవడం అయ్యేదాకా తలెత్తలేదు. ఆయన భుజాలు ఊగుతున్నాయి.

గంట మోగింది. లిదియా కిటికీ దగ్గర నుంచి పరుగెత్తుకొచ్చి, "హోంవర్కు! ఎవరికిష్టమైన పద్ధతిలో వాళ్ళు, ఏడో లెక్క!" అని అరిచింది. మిరబేలా రెండు చేతులతో తల పట్టుకుంది.

యస్మీనా సంచి సర్దుకుని, పెన్సిలు పెట్టెలోంచి దారం తీసింది. గుమ్మం దగ్గర కొద్రిన్‌ను ఆపి చొక్కాకు గుచ్చింది.

"ఇదెందుకు?" అన్నాడు వాడు, ఎర్రబడి.

"మోకాళ్ళు నొప్పెట్టుంటాయిగా," అంది యస్మీనా.

*

స్టాఫ్ రూములో పవాల్ మేడం ఫారం చదివింది. ప్లానుకు పదమూడు నిమిషాల తేడా. పుస్తకంలోని లెక్కలు చెయ్యలేదు. హోంవర్కు గంట తర్వాత. "మిగతా కాలమ్‌లో నేనేమీ రాయలేకపోయాను," అంది, "నేను కూడా భాగిస్తున్నాను." ఫారం ఒబ్రేజా సారు ముందుకు జరిపింది. మార్కు వేసే గడి ఖాళీగా ఉంది.

"ఇది తర్వాత," అన్నాడాయన. ఫారం మడిచి జేబులో పెట్టుకున్నాడు. బీరువా తెరిచి తొమ్మిదో తరగతి రిజిస్టరు తీసి చంకలో పెట్టుకున్నాడు. "అమ్మాయ్, నువ్వూ రా."

జియాగ్రఫీ సారు టీ కప్పు దించాడు. "ఎక్కడికి, ఒబ్రేజా?"

"నీ దారికే," అన్నాడు ఒబ్రేజా సారు.

ప్రిన్సిపాల్ లెఫ్తేర్ మేడం విషయం విని రిజిస్టరును చూసింది, ఆయన్ను చూసింది, మోచేతి మీది సుద్దను చూసింది. "మీరా?" అంది.

"నేనే. చిరికా. నాలుగు కాదు, పది."

"పరీక్ష ఎవరు దిద్దారు?"

"నేను మేడం," అంది లిదియా.

"నా కీ ప్రకారం దిద్దింది," అన్నాడు ఒబ్రేజా సారు. "కీ నాది."

ప్రిన్సిపాల్ సొరుగు తీసింది. అందులో ముద్రలు, తాళాలు, ఒక థర్మామీటరు, కిందటి కొత్త సంవత్సరం కొవ్వొత్తి ఉన్నాయి. ఎర్రపెన్ను అడుగున దొరికింది. అట్ట అంచు మీద గీసి చూసింది, ఎండిపోయింది. నోటి ఆవిరి పట్టి మళ్ళీ గీసింది. రాలేదు.

"జియాగ్రఫీ ఆయన్ని పిలవమంటారా, ఆయన దగ్గరుంటుంది," అంది నవ్వుతూ.

లిదియా సంచి తెరిచింది. సోమవారం ఇరవై ఎనిమిది పేపర్లు దిద్దిన పెన్ను అందులో ఉంది. తీసి బల్ల మీద పెట్టింది.

ప్రిన్సిపాల్ స్కేలు ఆనించి నాలుగు మీద అడ్డగీత గీసింది. పక్కన పది వేసింది. సంతకం చేసింది. ముద్ర మీద 'హా' అని ఊది గట్టిగా నొక్కింది. ఒబ్రేజా సారు వంగి చూశాడు. సిరా ఆరేదాకా పేజీని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకున్నాడు.

"ముప్ఫై ఒక్క ఏళ్ళు," అంది ప్రిన్సిపాల్.

"ఊఁ. తిన్నగానే గీశారు."

ఆయన జేబులోంచి ఫారం తీసి అదే బల్ల మీద విప్పాడు. తన నీలం పెన్నుతో గడిలో తొమ్మిది వేసి, అద్దుడు కాగితంతో అద్ది, లిదియా వైపు తిప్పాడు. "హోంవర్కు గంట కొట్టాక ఇచ్చావు. దానికి ఒకటి పోయింది."

లిదియా తొమ్మిదిని చూసింది. నవ్వు ఆపుకోలేకపోయింది.

ప్రిన్సిపాల్ రిజిస్టరు మూసి ఆయనకిచ్చి, ఎర్రపెన్నుకు మూత పెట్టి, తన బల్ల మీది పెన్నుల కప్పులో వేసుకుంది. ఒబ్రేజా సారు గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.

"ఆ పెన్ను ఇచ్చెయ్యండి మేడం," అన్నాడు. "మా లెక్కల టీచరమ్మది అది. ఆవిడకి దానితో చాలా ఏళ్ళ పనుంది."